ఇంటి దారికి తారు వేయించాలి, కాంట్రాక్టర్‌ను ఎలా ఎంచుకోవాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కర్నూలు నుంచి కోడుమూరు పోయే దారిలో, నల్లరేగడి చేలో ఇల్లు కట్టుకున్నావు. పెద్ద రోడ్డు నుంచి గేటు దాకా 200 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు దారి ఉంది. కార్తీకమాసంలో గృహప్రవేశం, ఆలోపు తారు పడాలని నీ కోరిక. ముగ్గురు రేట్లు చెప్పారు. అందులో ఒకతను మిగతా ఇద్దరూ అడిగిన దాంట్లో సగానికే, రెండు రోజుల్లో వేసి ఇస్తానంటున్నాడు. మీ నాన్నగారేమో తారు వద్దు, సిమెంటు రోడ్డు వేయించు అంటున్నారు. ఎవరికివ్వాలి, మోసపోకుండా ఏం చూసుకోవాలి అని అడిగావు.

నేను కర్నూలు, నంద్యాల, తాడిపత్రి వైపు 26 ఏళ్లుగా తారు పనుల్లో ఉన్నాను. మొదట సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను, తర్వాత సొంతంగా చిన్న పనులు పట్టాను: పెట్రోలు బంకులు, గోదాములు, బడి ఆవరణలు, నీలాంటి ఇంటి దారులు. కాబట్టి కాంట్రాక్టర్ వైపు లెక్క ఎలా ఉంటుందో లోపలి నుంచి తెలుసు. ఆ లెక్కే నీకు చెబుతాను, దాంతో నువ్వే తేల్చుకోగలవు.

ముందు ఆ సగం రేటు సంగతి చూద్దాం. తారు మాలు, అంటే కంకరకు తారు పట్టించిన మిశ్రమం, కొలిచేది అడుగుల్లో కాదు, టన్నుల్లో. నీ దారి 2,800 చదరపు అడుగులు. రోలింగ్ అయ్యాక 40 మిల్లీమీటర్ల మందం, అంటే సుమారు అంగుళంన్నర రావాలంటే, చదరపు అడుగుకు దాదాపు 8.7 కిలోల మాలు పడుతుంది. మొత్తం మీద 24 నుంచి 25 టన్నులు. ఆ మాలులో తారు బరువు 5.4 శాతం దాకా ఉండాలి, అంటే 1,300 కిలోల తారు. ఈ తారు రిఫైనరీ నుంచి అందరికీ దాదాపు ఒకే ధరకు వస్తుంది. కంకర రేటు కూడా క్రషర్ దగ్గర అందరికీ అటూ ఇటుగా ఒకటే. డీజిల్ కూడా అంతే. మరి ఒకడు సగానికి ఎలా వేయగలడు? మందం తగ్గిస్తాడు, తారు తగ్గిస్తాడు, లేకపోతే కింద వేయాల్సింది వేయడు. ఇంకో దారి లేదు. 25 మిల్లీమీటర్లు వేసి అంగుళంన్నర అని చెబితే నీ దారికి 15 టన్నులే పడుతుంది, తొమ్మిది టన్నులు మిగిలినట్టే. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా నల్లగా, నున్నగా ఉంటాయి. తేడా మొదటి వానాకాలం తర్వాతే కనిపిస్తుంది.

ఈ మందం మాటలోనే ఇంకో తిరకాసు ఉంది. "రెండు అంగుళాలు వేస్తాం" అంటారు. పరిచినప్పుడు రెండు అంగుళాలు ఉన్న మాలు రోలర్ కింద అణిగి అంగుళంన్నర అవుతుంది. అందుకే కాగితం మీద "రోలింగ్ అయ్యాక ఇంత మందం" అని రాయించుకోవాలి. ఉత్త "రెండు అంగుళాలు" అని రాస్తే రేపు తగాదా వచ్చినప్పుడు మాట అతనిదే నెగ్గుతుంది. అలాగే "కార్పెట్ వేస్తాం" అంటే ఏ కార్పెట్ అని అడుగు. పల్లె రోడ్లకు చాలాచోట్ల 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్, అంటే తారు కలిపిన చిన్న కంకర పలచటి పొర వేసి, పైన సందులు మూసే సీల్ కోట్ కొడతారు. కింద పునాది బాగుంటే అది చెడ్డ పనేమీ కాదు. కానీ దాని ధర వేరు, 40 మిల్లీమీటర్ల బీసీ ధర వేరు. బీసీ అంటే బిటుమినస్ కాంక్రీట్, హైవేల మీద పై పొరగా పడే గట్టి మాలు. ఒకరు చెప్పింది కార్పెట్ రేటు, ఇంకొకరు చెప్పింది బీసీ రేటు అయితే నువ్వు పోల్చుకుంటున్నది రెండు వేరు వేరు వస్తువులను. ముగ్గురికీ ఫోన్ చేసి "ఏ మిక్స్, రోలింగ్ అయ్యాక ఎంత మందం, ఎన్ని టన్నులు" అని అడుగు. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పలేనివాడిని అక్కడితో వదిలెయ్.

"హైవే పనిలో మిగిలిన మాలు ఉంది, ఈ పూటే వేసేస్తాం, చవగ్గా అవుతుంది" అని ఎవరైనా ఇంటికొస్తే అసలు గేటు తీయొద్దు. తాడిపత్రి దగ్గర మా బంధువు ఒకాయనకు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. సాయంత్రం నాలుగింటికి ఒక టిప్పర్, ఒక చిన్న రోలర్ వేసుకుని ఎవరో వచ్చి ఇదే మాట చెప్పారు. ఆయన నమ్మి డబ్బు మొత్తం ఇచ్చేశాడు. మరుసటి రోజు నేను వెళ్లి బూటు మొనతో గీరితే రాయి రాయి విడిగా లేచొచ్చింది. మాలు అప్పటికే చల్లారిపోయింది, పరిచారే గానీ అతుక్కోలేదు. కొన్ని కంకర రాళ్లకు తారు పూతే సరిగా పట్టలేదు, గోధుమరంగులో ఉన్నాయి. మొదటి పెద్ద వానకు సగం కొట్టుకుపోయింది. ఆ ఫోన్ నంబరు మళ్లీ మోగలేదు. ఆయన బాధ చూశాక, ఎవరు అడిగినా నేను మొదట చెప్పే మాట ఇదే అయింది.

ఇక అసలు విషయం, నీ నేల. తారు పొర నీ దారిని మోయదు. మోసేది కింద ఉన్న మట్టి, గరుసు, కంకర. తారు చేసే పని పైన నీళ్లు దిగకుండా మూసి ఉంచడం, దుమ్ము లేపకుండా చక్రానికి నున్నటి దారి ఇవ్వడం. అందుకే నువ్వు తారు వేసేవాడి కోసం వెతుకుతున్నా, నిజానికి నీకు కావాల్సింది పునాది వేయడం తెలిసినవాడు.

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో మీ చేలో చెయ్యి పట్టేంత నెర్రెలు నువ్వే చూసి ఉంటావు. దారి వేశాక మధ్యలో మట్టి తడి పెద్దగా మారదు, మూత వేసినట్టు ఉంటుంది. అంచుల్లో మాత్రం ప్రతి ఏడూ తడుస్తూ ఎండుతూ ఉంటుంది. అందుకే రేగడి మీద వేసిన దారుల్లో పగులు ముందు అంచుకు అడుగు, అడుగున్నర లోపల పొడవునా గీత గీసినట్టు వస్తుంది. నేను సొంతంగా పట్టిన తొలి పనుల్లో ఒకటి కోయిలకుంట్ల దగ్గర, రేగడిలో. ఆరు అంగుళాల గరుసు చాలనుకున్నాను. పై మాలు బ్రహ్మాండంగా వేశాను. తర్వాతి ఏప్రిల్‌కు రెండు అంచుల్లోనూ వేలు దూరేంత పగుళ్లు. ఆ ఇంటాయన ఒక్క మాట అనలేదు. నేనే సొంత ఖర్చుతో రెండు పక్కలా తవ్వి మళ్లీ వేశాను. ఆ తర్వాత రేగడి మీద గరుసు లెక్కలో తొందరపడలేదు.

నీ మట్టి ఎంత ఉబ్బుతుందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. దారి పడే చోట రెండు అడుగుల లోతు గుంత తీసి, దాని అడుగున ఉన్న మట్టి తీసుకుని ఎండబెట్టి, దంచి, సన్నటి జల్లెడ పట్టు. సమానంగా 10 గ్రాముల చొప్పున కొలత గీతలున్న రెండు గాజు గొట్టాల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి, బుడగలు పోయేలా కలిపి 24 గంటలు కదపకుండా ఉంచు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలోది దానికంటే ఎంత పైకి లేచిందో చూడు. కిరోసిన్‌లో 10 గీతల దాకా ఉండి నీళ్లలో 15 దాటితే, అంటే 50 శాతం పైన ఉబ్బితే, ఆ మట్టి మీద నేరుగా ఏమీ వేయకూడదు. ఇంజినీర్లు చేసే ఫ్రీ స్వెల్ పరీక్ష ఇదే. ల్యాబ్‌కు పంపితే ఇంకా మంచిది, పెద్ద ఖర్చేమీ కాదు.

అలాంటి నేలలో నేను చేయించే పని ఇలా ఉంటుంది. తారు 14 అడుగులైతే పునాది 17 అడుగులు, రెండు పక్కలా అడుగున్నర ఎక్కువ. రేగడిని అడుగున్నర లోతు తీసేస్తాను. దాంతోపాటే తుంగ గడ్డలు కూడా పోతాయి, లేకపోతే తుంగ పలచటి తారును చీల్చుకుని పైకి వస్తుంది, కళ్లారా చూశాను. ఆ గుంతలో ఉబ్బని ఎర్రమట్టి పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి, రోలింగ్. ఇక్కడ చాలామంది ఇసుక పోస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు. రేగడి మీద ఇసుక పోస్తే నీళ్లు దిగి అడుగున తొట్టిలో నిలిచినట్టు నిలుస్తాయి, కింది రేగడి ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది. ఎర్రమట్టి మీద ఆరు అంగుళాల గరుసు లేదా జీఎస్‌బీ (పునాది కింది పొరకు వాడే కంకర మిశ్రమం), దాని మీద నాలుగు నుంచి ఆరు అంగుళాల వెట్ మిక్స్. వెట్ మిక్స్ అంటే పెద్ద కంకర, చిన్న కంకర, డస్ట్ ఒక లెక్కలో నీళ్లతో కలిపి ప్లాంట్ నుంచి వచ్చే మాలు. ఒక్కో పొరను 8 నుంచి 10 టన్నుల వైబ్రేటరీ రోలర్‌తో, రోలర్ కింద మాలు కదలడం ఆగేదాకా తొక్కించాలి. చివర్లో నిండుగా లోడు వేసిన టిప్పర్‌ను పునాది మీద మెల్లగా నడిపించి చూడు. చక్రం వెనక నేల అలలా లేచి పడితే అక్కడ తవ్వి మళ్లీ చేయాలి. ఈ ఒక్క పరీక్షకు ఒప్పుకోని కాంట్రాక్టర్‌కు తన పునాది మీద తనకే నమ్మకం లేదని అర్థం.

ఇదే ఇల్లు అనంతపురం పక్క గట్టి ఎర్రనేలలో ఉంటే ఇంత తవ్వకం అక్కర్లేదు. పైమట్టి తీసి, చదును చేసి, గరుసు, వెట్ మిక్స్ వేస్తే సరిపోతుంది. అందుకే, మీ బావకు అనంతపురంలో ఎంత పడిందో రాశావు కదా, ఆ రేటుతో నీది పోల్చుకోవద్దు.

కాంట్రాక్టర్‌ను ఎలా గుర్తుపట్టాలి అన్నావు కదా. అతను ఎన్ని ప్రశ్నలు అడుగుతాడో చూడు. సైట్‌కు రాకుండా, ఫోన్లో పొడవు వెడల్పు అడిగి రేటు చెప్పేవాడు వద్దు. పని తెలిసినవాడు వచ్చి మొదట నేల చూస్తాడు. "ఈ దారిన ఏ బండ్లు వస్తాయి? కారేనా, వేరుశనగ లోడు ట్రాక్టర్, నీళ్ల ట్యాంకర్ కూడానా?" అని అడుగుతాడు. "వాన నీళ్లు ఎటు పోతాయి?" అంటాడు. "బోరు ఎక్కడ ఉంది, ఇంకో బోరు వేసే ఆలోచన ఉందా?" అని అడిగితే అతను మన ప్రాంతం తెలిసినవాడు. మన దగ్గర బోరు ఎండిపోవడం, మళ్లీ వేయించడం మామూలే. రిగ్ లారీ బరువుకు కారు కోసం వేసిన దారి నిలవదు. బోరు వేయించేదుంటే తారుకు ముందే వేయించు. పైపులు, కేబుళ్లు కూడా అంతే. ఇప్పుడు అవసరం లేకపోయినా దారికి అడ్డంగా మూడు నాలుగు చోట్ల నాలుగు అంగుళాల పీవీసీ పైపులు అడ్డంగా పూడ్చి, రెండు చివరలూ మూతలు పెట్టి, గుర్తుగా రాయి పాతు. రేపు డ్రిప్ లైను, సీసీ కెమెరా తీగ, ఏదైనా అందులోంచి పోతుంది. కొత్త తారును కోసి పైపు వేసిన గాడి ఎంత బాగా పూడ్చినా కుంగుతుంది.

ఆ తర్వాత అతను చేసిన పాత పనులు చూడు. పోయిన నెల వేసింది చూసి లాభం లేదు, ఎవరు వేసినా నెలకు బాగానే ఉంటుంది. కనీసం మూడు వానాకాలాలు దాటిన పని చూపించమను. వెళ్లి మధ్యలో కాదు, అంచులు చూడు. బండ్లు తిరిగే మూల చూడు. గేటు దగ్గర, గచ్చుకూ తారుకూ కలిసేచోట చూడు. ఆ యజమానితో పక్కకు వెళ్లి రెండు మాటలు మాట్లాడు: చెప్పిన రోజుకు వచ్చాడా, ఏదైనా చెడితే ఫోన్ ఎత్తాడా అని. ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్లకు తరగతుల వారీగా రిజిస్ట్రేషన్ ఉంటుంది. నీ పనికి అది తప్పనిసరి కాదు గానీ, ఉంటే ఆ మనిషికి ఒక చిరునామా, ఒక పేరు ఉన్నట్టు. జీఎస్టీ నంబరు అడిగి ఆ పోర్టల్‌లో సరిచూసుకో, రెండు నిమిషాల పని.

ఇక్కడ నీకు నిజం చెప్పాలి. నీ పని చిన్నది. తారు మాలు తయారుచేసే హాట్ మిక్స్ ప్లాంట్లు గంటకు 60 నుంచి 120 టన్నులు తీస్తాయి. నీకు కావాల్సిన 25 టన్నులు వాళ్లకు అరగంట పని కూడా కాదు. నీ ఒక్కడి కోసం బాయిలర్ వెలిగించరు. అందుకే పెద్ద పేరున్నవాళ్లు నీ ఫోన్ ఎత్తకపోవచ్చు, ఎత్తినా రేటు ఎక్కువ చెప్పొచ్చు. దీనికి దారి ఏమిటంటే, మీ దగ్గర్లో ఎక్కడ రోడ్డు పని నడుస్తోందో కనుక్కుని, ఆ ప్లాంట్ నడిచే రోజునే నీ పని పెట్టించుకోవడం. నీ కాంట్రాక్టర్‌ను "ఏ ప్లాంట్ నుంచి తెస్తావు, ఎన్ని కిలోమీటర్లు, ఆ రోజు ఇంకెవరికి మాలు పోతోంది" అని అడుగు. మాలు నీ పేరు మీద బిల్లుతో రావాలి. సర్కారు పనికి తయారైన మాలు దారిలో దించి అమ్మేవాళ్లు ఉంటారు, చవగ్గా వస్తుందని దాని జోలికి పోవద్దు. పక్కింటివాళ్లు, ఎదుటి గోదాము వాళ్లు ఎవరికైనా తారు కావాలంటే కలిసి ఒకేరోజు వేయించుకుంటే అందరికీ కలిసొస్తుంది.

ఇంకొకటి. తారు ధరను ఆయిల్ కంపెనీలు నెలకు రెండుసార్లు, 1, 16 తేదీల్లో మారుస్తుంటాయి. అందుకే నేను ఇక్కడ రూపాయల లెక్క రాయడం లేదు, ఇవాళ రాసింది నెలకే పాతబడిపోతుంది. కొటేషన్ మీద "ఈ రేటు ఎప్పటిదాకా చెల్లుతుంది, జీఎస్టీ కలిపా విడిగానా" అని రాయించు. పెరిగితే ఎవరు భరించాలో కూడా ముందే మాట్లాడుకో.

తారు రకం మన ఎండకు ముఖ్యం. వీజీ అంటే తారు చిక్కదనాన్ని బట్టి ఇచ్చే గ్రేడు. వీజీ-30 అడుగు, కాగితం మీద కూడా ఆ మాట ఉండాలి. ఇది 47 డిగ్రీల లోపు మెత్తబడకూడదని ప్రమాణం. వీజీ-40 అయితే 50. వీజీ-10 అయితే 40 డిగ్రీలకే మెత్తబడొచ్చు, అది చల్లటి ఊళ్లకు గానీ కర్నూలు ఎండకు కాదు. మే నెలలో నీడలోనే 43, 44 డిగ్రీలు ఉంటే నల్లటి తారు మీద ఇంకా చాలా ఎక్కువ ఉంటుంది, నడిస్తే చెప్పు అతుక్కుంటుంది. ఇంటి దారికి వీజీ-30 చాలు. లోడు లారీలు రోజూ వస్తాయంటేనే వీజీ-40 ఆలోచించు. కొందరు తారు పలచబడాలని కిరోసిన్‌గానీ పాత ఇంజిన్ ఆయిల్‌గానీ కలుపుతారు. పరిచేటప్పుడు నిగనిగలాడుతుంది, చూడ్డానికి బాగుంటుంది, నిలవదు. వాసన పట్టుకుంటే తెలిసిపోతుంది.

మాలు వేసే రోజు నువ్వు సెలవు పెట్టుకుని అక్కడే ఉండాలి, ఉదయం నుంచి రోలర్ వెళ్లిపోయేదాకా. అంతకు ముందు రోజే వెట్ మిక్స్ మీద దుమ్ము ఊడ్చి ప్రైమ్ కోట్ కొట్టి ఉండాలి. ఇది పలచటి తారు ఎమల్షన్, కొట్టినప్పుడు గోధుమరంగులో ఉండి తర్వాత నల్లబడి లోపలికి ఇంకుతుంది. ఒక రోజు ఆరనివ్వాలి. ఖర్చు మిగుల్చుకోవడానికి మొదట ఎగ్గొట్టేది దీన్నే. ఇది లేకపోతే పై పొర పునాదికి పట్టుకోదు, బండి బ్రేకు వేసిన చోట దుప్పటిలా జరుగుతుంది. దాని మీద పల్చగా ట్యాక్ కోట్, అంటే మాలు అతుక్కోవడానికి తారు పూత, కొట్టాక మాలు పరుస్తారు.

టిప్పర్ రాగానే మొదట కాటా చీటీ తీసుకో. ఖాళీ బండి బరువు, లోడు బరువు రెండూ అందులో ఉంటాయి. అన్ని చీటీలూ కలిపితే 24 టన్నులు రావాలి. ఇరవై దగ్గర ఆగిపోతే మందం ఎక్కడో తగ్గినట్టే. టిప్పర్ మీద టార్పాలిన్ కప్పి ఉండాలి. థర్మామీటర్ గుచ్చి చూడమను, సరైన కాంట్రాక్టర్ దగ్గర అది తప్పకుండా ఉంటుంది. వీజీ-30 మాలు ప్లాంట్‌లో 150 నుంచి 165 డిగ్రీల మధ్య తయారవుతుంది. పరిచేటప్పుడు 140 తగ్గకూడదు. రోలింగ్ 90 డిగ్రీలకు దిగేలోపే పూర్తవ్వాలి. మాలు నుంచి నీలంగా పొగ లేస్తుంటే మాడిపోయిందని అర్థం. కాంతి లేకుండా, గడ్డలు గడ్డలుగా దిగితే చల్లారిపోయింది. రెండు రకాల టిప్పర్లనూ వెనక్కి పంపే హక్కు నీకుందని ఒప్పందంలో ముందే రాసి ఉండాలి, అప్పటికప్పుడు వాదిస్తే ఎవరూ వినరు.

పేవర్‌తో, అంటే మాలు పరిచే యంత్రంతో పరిస్తే మందం ఒకేలా వస్తుంది. చిన్న పని కదా అని పారలతో చేత్తో పరుస్తామంటే నేను పూర్తిగా కాదనను, మంచి మేస్త్రీలు చేత్తో కూడా చక్కగా పరుస్తారు. కానీ వాళ్లు ఎంతమంది ఉన్నారో చూడు. ఇద్దరు ముగ్గురితో 200 అడుగులు పరిచేలోపు మాలు చల్లారిపోతుంది. రోలర్ అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకు రావాలి.

వాలు సంగతి మర్చిపోవద్దు. దారి నడిమధ్య అంచుల కంటే రెండు అంగుళాలు ఎత్తుగా ఉండాలి. లేదా మొత్తం ఒకే పక్కకు నాలుగు అంగుళాల వాటం పెట్టుకోవచ్చు, ఏ పక్కకైనా ఇంటి గోడ వైపు మాత్రం కాదు. పునాది దశలోనే ఈ వాటం రావాలి, తారుతో సర్దుదామంటే కుదరదు. రోలింగ్ అయిపోయి చల్లారాక ఒక ట్యాంకర్ నీళ్లు వదిలి చూడు. ఎక్కడ నిలిచాయో సుద్దముక్కతో గీత గీసి ఫోటో తీసుకో. పెద్ద రోడ్డుకు కలిసేచోట పక్క కాలువను పూడ్చేయొద్దు, తూము పైపులు వేసి దాని మీదుగా దారి తేవాలి. దానికి ఆ రోడ్డు ఎవరిదో, పంచాయతీదా, ఆర్ అండ్ బీ వాళ్లదా, వాళ్ల అనుమతి ముందే అడుగు. కాలువ మూసేస్తే వానాకాలంలో మొదట మునిగేది నీ పునాదే.

అంచులకు నిలబెట్టిన నాపరాళ్లు నాకు బాగా నచ్చిన పద్ధతి. మన బేతంచెర్ల, తాడిపత్రి వైపు రాయే. ముక్కలు కొట్టగా మిగిలిన పట్టెలు చవగ్గా దొరుకుతాయి. కింద సిమెంటుతో బిగించి, పై అంచు తారు మట్టం కంటే కొంచెం కిందకే ఉండేలా పెట్టిస్తే నీళ్లు ఆగవు, అంచు విరగదు. అంచు పక్కనే పూలమొక్కలు పెట్టి రోజూ నీళ్లు పోయొద్దు. రేగడిలో అది పగులును నీళ్లు పోసి పెంచినట్టే.

డబ్బు ఎలా ఇవ్వాలంటే, అడ్వాన్స్ పదో వంతు దాటొద్దు. పునాది అయిపోయి టిప్పర్ పరీక్ష నెగ్గాక ఒక భాగం, మాలు టిప్పర్లు దిగి చీటీలు చేతికొచ్చాక ఒక భాగం, రోలింగ్, నీళ్ల పరీక్ష అయ్యాక ఇంకో భాగం. చివరి పది శాతం ఒక వానాకాలం గడిచాకే ఇస్తానని ముందే చెప్పు. దీనికి సంతోషంగా ఒప్పుకునేవాళ్లు తక్కువ. కానీ పని మీద నమ్మకం ఉన్నవాడు బేరమాడి అయిదు శాతానికైనా ఒప్పుకుంటాడు. అన్నీ బ్యాంకు ద్వారా ఇవ్వు. బిల్లు, ఒప్పందం, చీటీలు, ఫోటోలు ఒకచోట దాచు. పని చెడిపోయి అతను మొహం చాటేస్తే కర్నూలులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోపు వెళ్లాలి, అయిదు లక్షల లోపు పనికి ఫీజు కూడా లేదు. అక్కడ మాటలు చెల్లవు, కాగితాలే చెల్లుతాయి.

మీ నాన్నగారి మాట కొట్టిపారేయొద్దు. పాణ్యం, బేతంచెర్ల, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న ప్రాంతం మనది. సిమెంటు దారికి ఎండకు మెత్తబడే బాధ లేదు. డీజిల్ కారినా ఏమీ కాదు. తారు మీద డీజిల్ కారితే అక్కడ మెత్తబడి గుంత పడుతుంది. అయితే సిమెంటు వేసినా రేగడి కింద అదే పునాది కావాలి, ఆ ఖర్చు తప్పదు. ఉబ్బిన నేల మీద సిమెంటు పలక పగిలితే తారులా అతుకు వేయడం కూడా అంత సులువు కాదు. నీళ్లతో రెండు వారాలు తడపాలి, పలకల మధ్య కోతలు పెట్టాలి. నీ చోట నేనైతే ట్రాక్టర్ షెడ్డు ముందు, బండ్లు తిరిగే 30 అడుగులు సిమెంటు వేయించి, మిగతాది తారు వేయిస్తాను. మోటారు సైకిళ్లు పెట్టేచోట కూడా ఒక బండ పరిచి ఉంచు, లేకపోతే మే నెలలో సైడ్ స్టాండ్ తారులోకి దిగి బండి పక్కకు ఒరుగుతుంది.

ఇక గృహప్రవేశం తొందర. ఇప్పుడు వానలు నడుస్తున్నాయి, కార్తీకంలోనూ మన దగ్గర తుపాను వానలు వస్తాయి. తడి పునాది మీద తారు వేస్తే లోపల నీళ్లు బంధించినట్టే. వానలు తెరిపిచ్చినప్పుడు తవ్వకం, ఎర్రమట్టి, గరుసు వరకు చేయించు. పోసిన మట్టి తడిసేలోపు ఆ రోజుది ఆ రోజే రోలింగ్ అయిపోవాలి. చుట్టాల కార్లు రోలింగ్ చేసిన గరుసు దారి మీద హాయిగా వస్తాయి, బురద ఉండదు. ఆ వానలు, ఆ బండ్ల రాకపోకలతో ఎక్కడ కుంగుతుందో ఈ రెండు మూడు నెలల్లో బయటపడుతుంది, అక్కడ సరిచేయించి సంక్రాంతి దాటాక వెట్ మిక్స్, ఆ తర్వాత తారు వేయించు. అప్పటికి నేల ఆరి ఉంటుంది, రోడ్డు పనులు కూడా జోరుగా నడుస్తుంటాయి కాబట్టి ప్లాంట్ దొరకడం సులువు. వేశాక మూడు రోజులు కారు ఎక్కించొద్దు, మొదటి ఎండాకాలం ఒకే చోట రోజుల తరబడి బండి నిలపొద్దు, ఆగి ఉన్న బండి స్టీరింగ్ అక్కడికక్కడే తిప్పొద్దు. ఆ గుంత తీసి మట్టి పరీక్ష చేసినప్పుడు ఎంత ఉబ్బిందో, ముగ్గురూ చెప్పిన టన్నుల లెక్క ఎంతో రాయి, మిగతాది చూసి చెబుతాను.